చుక్క కదల్లేదు

మార్చి 4, మంగళవారం

పదకొండేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను గాని ఇవాళ్టి లాంటి రోజు ఎరగను. ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. రేపటికల్లా ప్రతివాడూ తనే చేశానంటాడు.

మధ్యాహ్నం రెండూ ఇరవైకి నగల షాపులో దొంగలు పడ్డారు. ఇద్దరు. మూతులకు గుడ్డలు, ఒకడి చేతిలో పిస్తోలు. కౌంటరు మీది ట్రేలను నగలతో సహా సంచిలో కుక్కుకుని కారెక్కారు. ఒక ట్రే అడుగున, మెత్తటి గుడ్డ కింద, మా కంపెనీ బిళ్ల ఉందని ఆ వెధవలకేం తెలుసు? ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు పంపే బిళ్ల అది. ట్రే బల్ల మీది నుంచి లేవగానే నా తెర మీద గంట మోగింది. షాపువాళ్లు ఇంకా నేల మీద బోర్లా పడుకుని ఉండగానే నేను పోలీసులకు ఫోన్ చేశాను.

లైన్లోకి వచ్చింది దువ్వెన ఇన్‌స్పెక్టరు. ఆ పేరు నేను పెట్టుకున్నదే. టోపీ అయినా మరిచిపోతాడు గాని జేబులో దువ్వెన మరిచిపోడు. ఉత్తరం వైపు వెళ్లండి అంటే కుడికా ఎడమకా అని అడిగే మనిషి. అలాంటివాణ్ణి జీపులో కూర్చోబెట్టి ఇక్కణ్ణుంచి చెయ్యి పట్టుకుని నడిపించాలి నేను. ఆయన ఫోనులో కూడా మా మ్యాపు కనిపించేలా పంపించాను. కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే.

రెండున్నరకు మ్యాపు మీద బిళ్లను చూపించే చుక్క మాయమైంది. సిగ్నల్ లేదు. మూడుంపావుకు మళ్ళీ వచ్చింది, అందరం హమ్మయ్య అనుకున్నాం. ఊరి చివరి దాకా వెళ్లి, మూడున్నరకు కార్లకు రంగులు వేసే ఒక రేకుల షెడ్డులో ఆగింది. చెప్పాను. వెళ్లారు. మూడూ నలభైకి కాల్పులు. ఒకడు పోయాడు. రెండోవాడు సంచితో సహా వెనక గోడ దూకి పారిపోయాడట. డజనుమంది తుపాకులు పట్టుకుని వెళ్లి ఒక్క గోడను కాపలా కాయలేకపోయారు! నాలుగుకు ఐదు నిమిషాలుందనగా చుక్క షెడ్డులోంచి బయటికి రావడం నేను కళ్లారా చూశాను. "పోతోంది సార్, సంచి పోతోంది" అని అరిచాను. అప్పటికే ఆయన ఫోను కట్టేశాడు. ఆరింటికి బిళ్లలో బ్యాటరీ అయిపోయింది.

నా పని నేను చేశాను.

మార్చి 5, బుధవారం

పేపరు నిండా దువ్వెనే. పాపిడి తీసుకుని మరీ ఫోటో దిగాడు. "నమ్మదగిన సాంకేతిక సమాచారం అందడంతో" అట. ఆ సమాచారానికి ఒక పేరుందనీ, అది రెండో అంతస్తులో కారే ఏసీ కింద బకెట్టు పెట్టుకుని కూర్చుంటుందనీ ఎవడికి కావాలి?

మా ఓనరు స్వీట్ల డబ్బాతో దిగాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. పనుంటే "అక్కా", పక్కన ఎవరైనా ఉంటే "మేడమ్". ఇవాళ పొద్దుటి నుంచీ అక్కే.

"అక్కా, 'దొంగను పట్టించిన బిళ్ల' అని బోర్డు పెడదామా?"

"పట్టించలేదు, చంపించింది" అన్నాను.

"అదింకా గట్టి ప్రచారం కదక్కా" అన్నాడు. సిగ్గన్నది వాడి ఇంటికి దారి ఎరగదు.

ఇంట్లో మా అత్తగారు టీవీ ముందే ఉంది. మావారు పోయి ఆరేళ్లు. అప్పటినుంచీ నేనూ ఆవిడా ఒకరి నోరు ఒకరు భరిస్తూ బతుకుతున్నాం. "దొంగ వెధవకు తగిన శాస్తి జరిగింది. నువ్వే చెప్పావటగా వాడెక్కడున్నాడో?" అంది గొప్పగా. పక్కింటావిడతో కూడా చెప్పిందట. నా గురించి ఆవిడ మంచి మాట చెప్పడం ఇదే మొదలు.

మార్చి 6, గురువారం

రికార్డులో చూశాను. చుక్క షెడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు వేగం గంటకు అరవై రెండు కిలోమీటర్లు. గోడ దూకినవాడు బాగానే పరిగెత్తాడు.

అయినా కాల్పులు జరిగింది మూడూ నలభైకి కదా. అప్పటినుంచి పావుగంట సేపు వాడు ఆ షెడ్డులో, పోలీసుల మధ్య, ఏం చేస్తున్నట్టు? టీ తాగాడా?

పోలీసుల లెక్కలు పోలీసులే చూసుకోవాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

మార్చి 8, శనివారం

ఒకావిడ వచ్చింది. నలభై అయిదు ఉంటాయేమో. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం కూడా మరిచిపోయినట్టుంది. చచ్చిపోయినవాడి అక్కట. ఏడుపులు వినే తీరిక నాకు లేదని మొదటే అనుకున్నాను. ఆవిడ ఏడవలేదు.

"మా తమ్ముడు కార్లకు రంగు వేస్తాడండి. ఆ షెడ్డు వాడిదే. రంగు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటాడు, లేకపోతే దగ్గొచ్చేస్తుంది. కంప్రెసరు నడుస్తుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. చేతులెత్తమని వాళ్లు అరిచారంటున్నారు. అరిచే ఉంటారు. వాడికెలా వినిపిస్తుందండీ?"

నేను బల్ల మీది కాగితాలు సర్దుకోసాగాను. ఆవిడ ఆపలేదు.

"ఆ రోజు మూడూ ఇరవైకి నాకు ఫోన్ చేశాడు. 'అక్కా, ఇద్దరొచ్చారు, కారు రంగు మార్చు, నంబరు ప్లేటు మార్చు అన్నారు. కాగితాలు లేకుండా ముట్టుకోనన్నాను. కాసేపు బతిమాలి, ఇంకాసేపు తిట్టి పోయారు' అన్నాడు. వాళ్లు పోయారండి. పోయిన ఇరవై, ముప్పై నిమిషాలకు పోలీసులు ఎందుకొచ్చారు? ఎవరు చెప్పారు వాళ్లకు?"

"పోలీసులనే అడగమ్మా."

"అడిగాను. మిషను చెప్పిందన్నారు. మిషను ఎక్కడుందంటే ఈ అడ్రసు ఇచ్చారు." నా తెర వైపు చూసింది. "ఇదేనా అండి?"

"ఇది ఉత్తి మ్యాపమ్మా" అన్నాను.

"వాడు మళ్ళీ రాడు, నాకు తెలుసు. వాడి కూతురికి పదేళ్లు. బళ్లో పిల్లలు దొంగ కూతురంటున్నారని వెళ్లనంటోంది. విచారణాధికారి ముందు ఈ నెల పద్దెనిమిదిన వింటారట. వాళ్లు ముందే వెళ్లిపోయారని రుజువు చేసే కాగితం ఒక్కటి కావాలి నాకు. మీ దగ్గరుంటుందేమోనని వచ్చాను."

"లేదు" అన్నాను. ఉందో లేదో నేనింకా చూడలేదు. కాబట్టి అబద్ధం కాదు.

వెళ్తూ వెళ్తూ ఏసీ కింది బకెట్టు నిండిందని చెప్పింది.

మార్చి 10, సోమవారం

నిన్న దొంగలు దొరికారు, పక్క జిల్లాలో. ఇద్దరూ, సంచీ, అన్నీ. మరి షెడ్డులో చచ్చినవాడెవడు? వాడు మూడోవాడట! షాపు కెమెరాలో ఇద్దరు, కారులో ఇద్దరు, బుధవారం పేపర్లోనూ ఇద్దరే. ఆదివారానికి ముగ్గురయ్యారు. ఇంకో వారం ఆగితే పెళ్లివారి బస్సంత అవుతారు.

షెడ్డులో దొరికిందంటూ ఒక పిస్తోలు ఫోటో కూడా వేశారు. పదేళ్లుగా రంగు కొడుతున్న షెడ్డు. గోడలు, డబ్బాలు, గడియారం, అన్నిటి మీదా రంగు పొడి పేరుకుని ఉంది, ఫోటోలోనే కనిపిస్తోంది. ఆ మధ్యలో పిస్తోలు కడిగిన ముత్యంలా మెరుస్తోంది. అబద్ధమైనా కాస్త ఒళ్లొంచి ఆడాలని తెలియని సన్నాసులు.

సాయంత్రం దువ్వెన స్వయంగా వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. కాగితం తీశాడు. "మూడున్నర నుంచి మూడూ యాభై అయిదు వరకు బిళ్ల సదరు షెడ్డులోనే ఉన్నట్టు ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాము." కింద నా సంతకానికి గీత.

"ముగ్గురయ్యారట?" అన్నాను.

ఆయన కాగితం నా వైపు జరిపాడు. "మీరు ఆ రోజు చెప్పిందే రాశాం మేడమ్. కొత్తగా ఒక్క ముక్క కలపలేదు."

"నేను చెప్పిందంటే?"

"అదే మేడమ్. మీరు చెప్పింది" అని నా ముఖంలోకి చూశాడు. చూడటంలో కోపం లేదు, బెదిరింపూ లేదు. నాకు ఒళ్లు మండింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటున్నాడు, పైగా నా భుజాలు కూడా తడుముదామని చూస్తున్నాడు. మ్యాపు పంపించాను, చూడటం చేతకాలేదు. అంతే కదా?

చదివి చెప్తానని పంపించేశాను. కాల్చమని నేను చెప్పలేదు.

మార్చి 11, మంగళవారం

రెండో పేజీ తెరిచాను.

మ్యాపు మీద కనిపించేది మొదటి పేజీ. ఏ చుక్క ఎన్ని గంటలది అన్నది రెండో పేజీలో ఉంటుంది. సిగ్నల్ లేనప్పుడు బిళ్ల తను తిరిగిన చోట్లన్నీ లోపల దాచుకుంటుంది. సిగ్నల్ రాగానే పాతవాటితో మొదలుపెట్టి వరసగా పంపుతుంది. సిగ్నల్ పల్చగా ఉంటే ఆ ఆలస్యం అలాగే కొనసాగుతుంది. నాకు కొత్త కాదు, పదిమందికి నేనే నేర్పాను.

బిళ్ల షెడ్డుకు వచ్చింది రెండూ నలభై అయిదుకు. పోయింది మూడూ పదికి. ఆ రోజు మేం చూసిందంతా ముప్పావుగంట పాతది. పోలీసులు వెళ్లేసరికి దొంగలు పోయి అరగంట. గోడ ఎవడూ దూకలేదు. అది కారు వేగం.

పాత చుక్క బూడిద రంగులో, తాజా చుక్క ఆకుపచ్చగా కనిపించాలి. మొదట్లో అలాగే ఉండేది. బూడిద రంగు కనిపిస్తే చాలు, షాపులవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. "ఏమండీ, మీ బిళ్ల చచ్చిపోయిందా?" అని. "అక్కా, అన్నీ ఆకుపచ్చ చేసిపారెయ్, గొడవుండదు" అన్నాడు ఓనరు. రెండేళ్ల కిందట. మార్చమంది ఆయన. మార్చింది నేను. పోలీసుల పనికి వాడతారని ఎవరనుకున్నారు?

ఓనరుకు చూపించాను. ముఖం మాడిపోయింది.

"ఈ పేజీ ఎవరైనా అడిగారా అక్కా?"

"లేదు."

"అడగనిది మనమెందుకు చెప్పడం? ఇంట్లో పిల్లలున్నవాణ్ణి."

పోయినవాడికీ కూతురుంది అన్నాను. "మేడమ్, ఆలోచించండి" అన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

మార్చి 12

పోలీసులకు చూడటం రాదు. ఓనరుకు సిగ్గు లేదు. వీళ్ల మధ్య నేనొక్కదాన్ని ఏం చెయ్యను?

మార్చి 13, గురువారం

సెలవు పెట్టాను. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చాను. లేచేసరికి మా అత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమే, ఏం కదల్లేదు?"

"ఏంటి?"

"నిద్రలో ఒకటే గోల. 'కదల్లేదు సార్, కదల్లేదు' అని. నాకేమో భయమేసింది. పైగా ఏదో తగాదా ఆడుతున్నట్టు ఆ గొంతేంటే?"

"మీరే కలగని ఉంటారు" అన్నాను.

"నా చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి. నీ గొంతు నాకు తెలీదా? నాతో మాట్లాడే గొంతే."

మార్చి 14, శుక్రవారం

ప్రమాదపు గంట మోగాక చేసే ప్రతి ఫోనూ రికార్డవుతుంది. మూడు నెలలుంటుంది. తెరిచే తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది. పది రోజులుగా ఆ సంగతి నాకు గుర్తు రాలేదని రాద్దామనుకున్నాను. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే, ఎవర్ని మోసం చెయ్యాలి? గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

తలుపు వేసుకుని విన్నాను. మూడూ ముప్పై ఎనిమిది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మేడమ్, ఈ చుక్క ఇప్పటిదేనా?"

"ఆకుపచ్చగా ఉంది కదా సార్."

"ఉంది. ఇందాక ముప్పావుగంట అసలు కనబడలేదు కదా, ఇప్పుడొస్తున్నది పాతదేమోనని. బయట కారు లేదు. షట్టరు సగం తెరిచుంది. లోపల ఒక్కడే కనిపిస్తున్నాడు. ఇంకోసారి చూసి చెప్పండి."

"నాకు పని నేర్పుతున్నారా సార్? పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఇప్పటిదే. చుక్క కదల్లేదు. లోపలే ఉన్నారు."

"సరే మేడమ్."

ఆ తర్వాత నేను నవ్వడం కూడా ఉంది. ఫోను మూతి పక్కకు తిప్పి, ఎవరూ లేని గదిలో, "దువ్వెనకు కూడా తెలివితేటలు" అని నవ్వాను. అంతా పడింది.

రెండో పేజీ తెరవడానికి రెండు నొక్కులు. ఇవాళ గడియారం పెట్టుకుని చూశాను, నాలుగు సెకన్లు. ఉత్తరం దక్షిణం తెలియని మనిషికి వచ్చిన అనుమానం నాకు రాలేదు. కాదు, వచ్చింది. ఆయన నోటి నుంచి వచ్చింది కాబట్టి నాకు పనికిరాలేదు.

మార్చి 15, శనివారం

దువ్వెన ఫోన్ చేశాడు. ఆఫీసు నంబరుకు కాదు, నా నంబరుకు.

"మేడమ్, ఆ రోజు మన మాటలు రికార్డయ్యాయా?"

"అయ్యాయి."

"చెరిపెయ్యండి. ఇద్దరికీ మంచిది."

"మీరు సరిగ్గానే అడిగారు కదా. మీకెందుకు భయం?"

"అడిగాను కాబట్టే మేడమ్. అనుమానం ఉండి కూడా ఎందుకు కాల్చావంటే ఏం చెప్పను? గుడ్డ కట్టుకుని ఉన్నాడు, పిలిస్తే తిరగలేదు, చేతిలో ఏదో ఉంది. మావాడొకడు కాల్చాడు. అది చూసి నేనూ కాల్చాను. అయిపోయాక చూస్తే రంగు కొట్టే గొట్టం."

"పిస్తోలు?"

"తర్వాత వచ్చింది" అన్నాడు.

మనిషిని చంపి, చచ్చినవాడి పక్కన పిస్తోలు పడేసి, వాణ్ణి దొంగల లెక్కలో కలిపినవాడు నన్ను తనతో జత కట్టమంటున్నాడు. అసహ్యం వేసింది. ఫోను పెట్టేశాక చూసుకుంటే, జత ఎప్పుడో కుదిరింది. ఛీ.

మార్చి 16

చెరపలేదు. చెరపబోయాను. రెండు నొక్కులే దానికీ.

మార్చి 17, సోమవారం

పోయినవాడి అక్క, ఆ టైలరమ్మ షాపుకు వెళ్లాను. సందులో ఒక గది, రెండు మిషన్లు, గోడ నిండా వేలాడేసిన బట్టలు. ఒక మూల చాప మీద మేనకోడలు బొమ్మలు వేసుకుంటోంది. నన్ను చూడగానే టైలరమ్మ లేచి, స్టూలు మీది గుడ్డలు తీసి "కూర్చోండి" అంది.

"ముందు వినండి, తర్వాత కూర్చుంటాను" అన్నాను.

పిల్లను బయటికి పంపింది. రెండో పేజీ కాగితాల మీద టైములు చూపించాను. రెండూ నలభై అయిదు, మూడూ పది. వేలితో ఒక్కో అంకె తడుముతూ చదివింది. "నిజమే చెప్పాడు వాడు" అంది. ఆ మాట మూడుసార్లు అంది. నా చెయ్యి పట్టుకుంది. అక్కడితో ఆపి వచ్చేయొచ్చు. ఆవిడకు కావలసిన కాగితం దొరికింది, నాకు దండం పెట్టేలాగే ఉంది. అంత తేలిగ్గా బయటపడదామని నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు?

ఫోను తీసి వినిపించాను.

ఇంకోసారి వెయ్యమంది. వేశాను. నా నవ్వు దగ్గర ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఆయన అడిగాడు కదమ్మా" అంది.

"అడిగాడు."

"చూడటానికి ఎంతసేపు పడుతుంది?"

చెప్పాను. నా చెయ్యి వదిలేసింది. మిషను మీదున్న గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"ఇది రేపు అక్కడ వినిపిస్తారా?"

"వినిపిస్తాను."

"మీ ఉద్యోగం?"

"అది పోతే పోతుంది."

"సరే. రేపు పదింటికి రండి." తలెత్తలేదు. "ఇందాక కూర్చోమన్నాను. ఇప్పుడు అనలేనమ్మా, ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది?

ఇంటికొచ్చి మా అత్తగారికి అంతా చెప్పాను. టీవీ కట్టేసింది. పక్కింటావిడకు తను చెప్పిన మాట తనే వెళ్లి వెనక్కి తీసుకుంటానంది. చెప్పులేసుకుని అప్పుడే వెళ్లింది కూడా.

మార్చి 18, మంగళవారం

విచారణాధికారి గది చిన్నది. ఒకవైపు నేనూ మా ఓనరూ, ఎదురుగా ఇన్‌స్పెక్టరు గారు, వెనక బెంచీలో టైలరమ్మ, పక్కనే పిల్ల. పిల్లను తీసుకురాదనుకున్నాను.

టైముల కాగితం తీసుకున్నారు. పోయినవాడికి దొంగలతో సంబంధం లేదని విచారణాధికారి అప్పుడే పైకి చదివారు. పిల్ల టైలరమ్మ ముఖంలోకి చూసింది. టైలరమ్మ తలూపింది. పిస్తోలు సంగతి వేరేగా తేలుస్తామన్నారు. ఇన్‌స్పెక్టరు గారు జుట్టు చెదిరినా సర్దుకోలేదు.

తర్వాత నా వాంగ్మూలం. గుమాస్తా కలం తెరిచి "పోలీసులు షెడ్డులో ప్రవేశించి" అని మొదలుపెట్టాడు. ఆపమన్నాను. అంతకు రెండు నిమిషాల ముందు ఇన్‌స్పెక్టరు గారు నన్నొక ప్రశ్న అడిగారు, దానికి నేను జవాబు చెప్పాను, అక్కణ్ణుంచి రాయండి అన్నాను. మా ఓనరు నా కాలు తొక్కాడు. ప్రశ్న చెప్పాను. జవాబు కూడా చెప్పాను, మొదటి ముక్క నుంచి చివరి నవ్వు దాకా.

"'నాకు పని నేర్పుతున్నారా' అన్నది కూడా రాయాలా అండి? అది విషయానికి సంబంధించింది కాదేమో" అన్నాడు గుమాస్తా.

అన్నిటికంటే ముందు అదే రాయమన్నాను.